ఇడ్లీ పిండికి నేను పెట్టిన రూలు

ఆ రోజుల్లో చేతికో కాగితం వస్తే చాలు, నెత్తికి కిరీటం పెట్టినట్టే ఉండేది నాకు. (మరీ పాత రోజులేం కావు లెండి, ఏడెనిమిదేళ్ల కిందటి మాట.) బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా మేనత్తకి చిన్న టిఫిన్ హోటలు ఉండేది. హోటల్లో ఒక్కరైనా ఫుడ్ సేఫ్టీ ట్రైనింగ్ పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలనీ, లేకపోతే లైసెన్సు మళ్లీ ఇవ్వరనీ కబురొచ్చింది. "నానేటి, ఈ వయసులో పరీచ్చ రాయడమేటి? నువ్వెల్లే పిల్లా!" అంది అత్త. వెళ్లాను, పాసయ్యాను, ఫ్రేము కట్టించి దేవుళ్ల పటాల వరసలో తగిలించాను. (అగరుబత్తి మాత్రం వెలిగించలేదు. ఆపాటి సిగ్గుంది.)

అక్కణ్ణుంచి వంటింట్లో నాదే రాజ్యం. టోపీలు, చేతి తొడుగులు, గోడ మీద చార్టు. అత్త టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని "ఓలమ్మో, నర్సునైపోనాను!" అని పడీపడీ నవ్వింది. "ఐదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య తిండి ఉంచితే క్రిములు పెరుగుతాయత్తా" అని పొద్దస్తమానం నాది ఒకటే పాట. మర్నాడు తనిఖీకి ఆఫీసరు వస్తాడనగా, సాయంత్రం అత్త ఇడ్లీ పిండి రుబ్బి, గిన్నెకి గోనెపట్టా చుట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి ఇంటికెళ్లింది. చలికాలంలో ఆవిడ పద్ధతి అదే. నేను థర్మామీటరు ముంచి చూశాను. ముప్ఫై! గిన్నె అమాంతం ఎత్తుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి, తృప్తిగా హోటలుకి తాళం వేశాను.

పిండి పులిస్తేగా! పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు డ్యూటీకి వెళ్లేవాళ్ల ముందు పలకల్లాంటి ఇడ్లీలు పెట్టాం. ఫిట్టర్ బాబాయి ఒకటి చేత్తో తూచి, "ఏటే తల్లీ, ఇడ్లీయా, బ్రేకు దిమ్మా? జేబులో ఎట్టుకుని ఎల్తే గేటుకాడ ఆపీగలరు!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వి, టీ రస్కులతో సరిపెట్టుకుని వెళ్లిపోయారు. అత్త ఫ్రిజ్ వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, పళ్లేలు తీసుకుపోయింది.

అదిగో, అప్పుడే దిగాడు ఆఫీసరు. బెంగాలీ ఆయన. చార్టు చూసి మెచ్చుకున్నాడు, ఇడ్లీ చూసి, ఫ్రిజ్ తీసి మిగిలిన పిండి చూసి ముఖం చిట్లించాడు. "దీదీ, పిండి ఫ్రిజ్‌లో పెట్టిందెవరు? ఆ నియమం వండిన తిండికి. పులవాల్సిన పిండిని పులవనివ్వాలి కదా! ట్రైనింగ్‌లో చెప్పారే?" అన్నాడు నాతో, హిందీలో. (చెప్పే ఉంటారు. అప్పుడు నేను ఫ్రేముకి ఏ రంగు బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.) సర్టిఫికెట్ ఉన్న మనిషికే ఏమీ తెలియదని ఆయన రాసేస్తే అత్త లైసెన్సుకే ఎసరు.

"నానే ఎట్టినాను దాదా," అంది అత్త వచ్చీరాని హిందీలో. "ముసిల్దాన్ని, తెలీక ఎట్టీసినాను. ఈ పిల్ల వద్దనే సెప్పింది." దేవుళ్ల పటాల ముందు నిలబడి, రెప్ప వాల్చకుండా అబద్ధమాడింది. ఆఫీసరు ఎర్రబడ్డ నా ముఖం వంక చూసి, "ఠీక్ హై" అని నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టాడు.

ఆయన గుమ్మం దాటాడో లేదో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎందుకత్తా అలా చెప్పావు?"

"ఓసి ఎర్రిదానా! ఇడ్లీ ఈయేల పొంగకపోతే రేపు పొంగుతాది. పదిమందిలో నీ మొకం సిన్నబోతే మల్లీ ఎప్పటికి పొంగుతాదే?"

ఇప్పుడు నేనొక క్యాంటీన్‌కి మేనేజర్ని. కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు నాకు పాఠాలు చెబుతుంటే, తల ఊపుతూ లోలోపల నవ్వుకుంటాను. రూళ్లన్నీ కంఠతా వచ్చు నాకు. అత్తలా అబద్ధం ఆడటం మాత్రం ఇంకా చేతకాలేదు.