గోదారివైపు తలుపు

గోదావరి నడుమ దిబ్బ మీద దొరల కాలంలో కట్టిన చర్చికి మైసయ్య కాపలాదారు. చూడ్డానికి ఎవరొచ్చినా, అదేదో తన తాత కట్టించినట్టే చూపిస్తాడు. మూడడుగుల మందం డంగుసున్నం గోడను అరచేత్తో చరిచి, పైన టేకు దూలాల వైపు గడ్డం ఎత్తి, "గీ చల్లదనం మీ ఏసీలకు వస్తదా?" అని గద్దిస్తాడు. జనం పడవల్లో వచ్చే రోజుల్లో కట్టింది కాబట్టి, చర్చికున్న ఒకే ఒక్క తలుపు, పడవల రేవు మెట్లకు ఎదురుగా, గోదారివైపు ఉంది. ఇప్పుడేమో వెనకవైపు వంతెన పడింది. ఆదివారం అందరూ గోడ చుట్టూ బురద తొక్కుకుంటూ రావలసిందే. అందుకని పాస్టర్ తిమోతి ఆ తలుపు మూసేసి, ప్రసంగవేదిక వెనక గోడ పగలగొట్టి కొత్తది పెట్టిద్దామని మేస్త్రీని తీసుకొచ్చాడు.

మేస్త్రీ సుత్తె ఎత్తేసరికి మైసయ్య గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఆలస్యంగా వచ్చేటోళ్లంతా మీ వెనకనుంచే వస్తరు. మీరు మోషే ముచ్చట చెప్తుంటే జనం మిమ్మల్ని చూస్తరా, ఎవల చీర కొత్తదో చూస్తరా? జర సోంచాయించుండ్రి." పాస్టర్ గడ్డం గోక్కుంటూ సోంచాయించాడు. మేస్త్రీ చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో పాస్టర్, "దేవుని మందిరం మీద మైసయ్యకున్నంత ప్రేమ మనలో ఎందరికుంది?" అని గొంతు పెంచి అడిగాడు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. తలుపు పక్కన మైసయ్య చాప ఖాళీగా ఉంది. గోదారివైపు మెట్ల మీదినుంచి, ప్రతివారం ప్రసంగం వేళ వచ్చినట్టే, అతని బీడీ పొగ మెల్లగా లోపలికి వస్తోంది.