ఆటో లేపిన సారు

అప్పటిదాకా నేను ఎత్తిన అతి పెద్ద బరువు ఇంటర్ పిల్లల జువాలజీ రికార్డుల కట్ట. అదీ అటెండర్ ఓ పక్క పట్టుకుంటే.

సకల జనుల సమ్మెలో బస్సులు డిపోలు దాటలేదు. సిరిసిల్లలోని అత్తగారింటి నుంచి నేనూ నా భార్యా ఆటోలో కోరుట్లకు బయల్దేరాం. దారిలో రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేశారు. డ్రైవర్ పక్కనున్న బండ్ల బాటలోకి దింపాడు. ఆటో ఒరిగి పడింది. డ్రైవరూ నేనూ బయటపడ్డాం గానీ ఆమె కాలు కింద ఇరుక్కుంది. ఆమె అరుపు విన్నాను. ఆ తర్వాత గుర్తున్నదల్లా ఆటో అంచు నా చేతుల్లో ఉండటం, డ్రైవర్ ఆమెను బయటికి లాగటం.

ఆమె కాలికి సిమెంటు పట్టీ పడింది, నా నడుముకు బెల్టు. "ఇంకోసారి గిట్లాంటిది ఎత్తితే, మిమ్మల్ని నలుగురు ఎత్తుడైతది" అన్నాడు జగిత్యాల డాక్టరు.

వాడకట్టులో అందరూ కొండగట్టు అంజన్న పూనాడన్నారు. అంజన్నతో నాకు పేచీ లేదు. వారం తిరక్కుండా దీక్షా శిబిరం నుంచి ఒక పెద్దమనిషి ఇద్దరు కుర్రాళ్ళను వెంటేసుకుని వచ్చాడు.

"సార్, ఆయితారం టెంటు ముంగట ఆటో లేపాలె. తెలంగాణోని తాకత్ ఏందో లోకం సూడాలె."

కాదంటే ద్రోహి. ఔనంటే మంచం. అందుకని జువాలజీ చాటుకు వెళ్ళాను. కండల్లో ఉన్న బలమంతా మెదడు మనల్ని మామూలుగా వాడుకోనివ్వదనీ, కీళ్ళు దెబ్బతింటాయని కొంత ఆపి పెడుతుందనీ చెప్పాను. ప్రాణం మీదికొస్తే అడ్రినలిన్ పొంగుతుంది, గుండె పరుగెత్తుతుంది, నొప్పి కాసేపు తెలియదు, ఆపి పెట్టిన బలంలో కొంత చేతికొస్తుంది. పైగా నేను ఎత్తింది ఒక్క అంచే, మిగతా బరువు నేలే మోసింది.

పెద్దమనిషి శ్రద్ధగా విన్నాడు. "అంటె భయమైతె సాలు. గది మాకిడిసిపెట్టుండ్రి సార్. లాఠీచార్జి టైముకే ప్రోగ్రాం వెట్టుకుందం."

"లాఠీచార్జికి టైముంటుందా?"

"మనం రాళ్ళేస్తె ఎందుకుండది?"

మంచం మీద నుంచి నా భార్య అందుకుంది. "అన్నా, మా సారుకు నేను కింద వడితెనే ఆటో లేస్తది. నేనైతె మల్ల వడను."

"ఊకె వడ్డట్టు యాక్టింగ్ జెయ్యి చెల్లె."

"యాక్టింగని ఆయన మెదడుకు తెల్వదా? ఇప్పుడే గదన్నా, అంతసేపు జెప్పిండు."

కుర్రాళ్ళు నవ్వారు. పెద్దమనిషి బేరం తగ్గించాడు. సారు ఆటో లేపకపోయినా సరే, టెంటులో ఊరికే కూర్చోవాలి. కూర్చోవడానికీ నడుమే కావాలి గానీ ఒప్పుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక ఆమె అడిగింది. "నిజం జెప్పుండ్రి. ఆటో కింద మీ అమ్మ వడ్డా లేపుతుంటిరా?"

"లేపుతుంటి."

"డ్రైవర్ వడితె?"

ఆలోచించాను. ఆలోచించాల్సి వచ్చిందంటేనే అడ్రినలిన్ రానట్టు. అది ఆమెకు నచ్చినట్టుంది, గోడవైపు తిరిగి నవ్వుకుంది.

అప్పుడే వంటింట్లో నేను పెట్టిన కుక్కర్ కూత వేసింది. మళ్ళీ వేసింది. పట్టీతో ఆమె, బెల్టుతో నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాడు వాసన మెల్లగా వస్తోంది. నాలో మాత్రం ఏదీ పొంగలేదు.