వానొస్తే వస్తామన్న ఈరమ్మ

నిన్న ఎమ్మిగనూరులో మా పాప ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే కరువు పాఠం కనిపించింది. కోసిగి బడి మిత్రులారా, మన ఇంగ్లీషు సారు కరువు గురించి తలా ఒక వాక్యం చెప్పమన్న రోజు గుర్తుందా? గోనెపట్టా మీద నా పక్కన కూర్చునే ఈరమ్మ, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, లేచి "నో రెయిన్, వి గో" అంది.

"యాడికి పోతారమ్మా?" అని సారు తెలుగులో అడిగారు.

"గుంటూరుకు సార్, మిరపకాయలు కోసేకి. రేపే పోతాండాము. వానొస్తే తిరిగొస్తామని ఇంగ్లీషులో ఎట్ల సెప్పల్ల సార్?"

సారు ఆ వాక్యం ఇంగ్లీషులో బోర్డు మీద రాశారు. ఈరమ్మతో పాటు మనమంతా గట్టిగా చదివాం.

మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి. బస్సు వచ్చిన ప్రతిసారీ బడి కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఈరమ్మ రాలేదు. ఆమె ఇప్పుడెక్కడుందో మీలో ఎవరికైనా తెలుసా?