ఒక్క ఊపిరిలో పద్దెనిమిది ప్రశ్నలు

2022లో నేను అనకాపల్లిలోని ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై టెక్నీషియన్‌ని. ఎమ్మారైలో ఎక్స్-రే కిరణాలుండవు. పెద్ద అయస్కాంతం మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ కణాలను ఒక వరసకు తెస్తుంది. రేడియో తరంగాలు వాటిని కదిలిస్తాయి. అవి మళ్లీ సర్దుకుంటూ ఇచ్చే సిగ్నల్‌తో కంప్యూటర్ బొమ్మ కడుతుంది. నరాలు, డిస్కులు, మెదడు చక్కగా కనబడతాయి.

స్కాన్ లేనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే, ఇనుమును లాగుతూనే ఉంటుంది. అందుకే లోపలికి పంపేముందు స్క్రీనింగ్ ఫారం నింపాలి. పేస్‌మేకర్, ఆపరేషన్‌లో పెట్టిన క్లిప్పులు, రాడ్లు, కంట్లో ఇనుప ముక్క... మొత్తం పద్దెనిమిది ప్రశ్నలు. అన్నీ వరస తప్పకుండా నాకు నోటికి వచ్చు. అది నాకు గొప్పగా ఉండేది.

ఆ ఉదయం ఏటికొప్పాక నుంచి అప్పలరాజు మెడనొప్పితో వచ్చాడు. లేత్ మీద వంగి లక్కబొమ్మలు చేసే మనిషి. బయట ఇంకా ఆరుగురు కూర్చున్నారు.

"మామా, ఆపరేషన్లు, రాడ్లు, ఒంట్లో ఇనుం, ఇలాంటివేవీ లేవు కదా?"

"నేవు బాబూ."

పద్దెనిమిది గడుల్లోనూ 'లేదు' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేయించాను.

బల్ల లోపలికి వెళ్తుండగానే ఇబ్బందైతే నొక్కమని చేతికిచ్చిన బెల్‌ను ఆయన నొక్కాడు. మైకులో అడిగాను.

"కన్ను లాగేత్తంది బాబూ."

"భయానికి అలాగే ఉంటాది మామా. కళ్లు మూసుకో, కదలకు."

మళ్లీ నొక్కాడు. విసుగొచ్చి బల్లను గబుక్కున బయటికి తీసేశాను. కంట్లో ఇనుముంటే అలా వేగంగా కదిలించడమే ముప్పు. ఆ సంగతీ నాకు నోటికి వచ్చు.

చేత్తో కన్ను మూసుకుని వస్తున్న భర్తను చూసి, బెంచీ మీదున్న ఆయన భార్య లేచింది.

"ఆ కన్నేనా?"

"ఏ కన్నమ్మా?" అన్నాను.

"ఉలికి సానపడతంటే ఇనప రజను పడింది బాబూ, పోయినేడు. డాక్టరు కాడికి ఎల్లమంటే ఇన్నాడా! నీళ్లెట్టి కడిగేసి, పోయిందే అన్నాడు."

"పోయిందనే అనుకున్నాను," అన్నాడాయన. తర్వాత నావైపు తిరిగి, "ముందే సెప్పాల్సింది బాబూ. తప్పు నాదే."

కాదని నేను అనలేదు.

ఎక్స్-రే తీస్తే కంటిలో తెల్లటి చుక్క. విశాఖలో ఆపరేషన్ చేసి తీశారు. ముక్క కదలడంతో లోపల రక్తం వచ్చిందట. చూపు నిలిచింది గానీ మసకబారింది. బొమ్మల మీద సన్నగీతలు ఇప్పుడు ఆయన భార్య పెడుతోంది.

"సంతకం ఉంది కదా, నీ మీదకి రాదులే," అన్నాడు మా సీనియర్. నిజంగానే రాలేదు.

ఇప్పుడు నేను "లేవు కదా" అనడం మానేశాను. ముందు "ఏం పని చేస్తారు?" అని అడుగుతాను. ఆ ప్రశ్న ఫారంలో లేదు, పెన్నుతో పైన రాసుకుంటాను. ఒక్కో ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను.

ఆ పాత ఫారం ఇంకా ఫైల్లోనే ఉంది. కింద సంతకం అప్పలరాజుది. పైన టిక్కులన్నీ నావి.