అరిచినవాళ్లకే సూది

మొన్న నంద్యాలలో నా మోకాలికి ఆపరేషను చేశారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ, మా మనవరాలి ఈడు పిల్ల, మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, సున్నా అంటే అసలు నొప్పి లేదనీ, పది అంటే ఇక భరించలేననీ, ఆ మధ్యలో నా నొప్పికి ఎన్ని మార్కులు వేస్తానో చెప్పమనీ అడిగింది. నడుములో సూది, తొడ దగ్గర నరం చుట్టూ ఇంకొక మందు, నొప్పి లేవకముందే మాత్రలు, సాయంత్రానికల్లా నాలుగడుగులు నడిపించడం, ఇవన్నీ ఈమధ్య జరిగిన పరిశోధనల వల్లనే వచ్చాయనీ, నొప్పి ముదిరాక తగ్గించడం కన్నా ముదరనివ్వకపోవడమే మేలని తేలిందనీ ఆ పిల్ల ముచ్చటగా చెబుతూ పోయింది. నేను నర్సుగా పనిచేసి రిటైరైనదాన్నని ఆమెకు చెప్పలేదు. ఈ ముక్క తేలడానికి ఇన్నేళ్లు పట్టిందా తల్లీ అని మాత్రం మనసులో అనుకున్నాను.

డెబ్బైల్లో ఇదే ఊళ్లో వేరొక ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిననాటికి ఆపరేషనుకు మత్తు అంటే ఈథరే. నా ఈడువాళ్లలో దాన్ని ఒకసారి పీల్చినవాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. ముక్కు మీద గుడ్డ కప్పిన తీగ మాస్కు, దాని మీద చుక్కచుక్కగా పడే మందు, ఎన్నిసార్లు ఉతికినా చీరను వదలని ఆ తియ్యటి ఘాటు వాసన. కత్తి కింద ఉన్నంతసేపూ రోగికి ఏమీ తెలిసేది కాదు, అసలు కష్టమంతా మెలకువ వచ్చాకే. నొప్పి తగ్గించే సూదిమందు తాళం వేసిన అల్మరాలో ఉండేది, ఆ తాళంచెవి పెద్ద సిస్టరమ్మ నడుమున వేలాడేది. డాక్టరుగారు అవసరమైతే ఇవ్వండి అని కేసుషీటులో రాసి వెళ్లిపోయేవారు. ఆ అవసరాన్ని కనిపెట్టడానికి మా ఆడవాళ్ల వార్డులో ఉన్నది ఒకటే పద్ధతి. అరిచినవాళ్లకు సూది, అరవనివాళ్లకు నొప్పి లేనట్టు. అడగందే అమ్మయినా పెట్టదు అనేది పెద్ద సిస్టరమ్మ. ఆమె చెడ్డమనిషి కాదు, ఆ మందు అలవాటైపోతుందని భయపెట్టి చదువు చెప్పిన తరం ఆమెది. కానీ చెడ్డమనిషి కాకపోయినంత మాత్రాన ఆ పద్ధతి మంచిదని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఎందుకంటే మా వైపు ఆడవాళ్లు అరవరు. నోరు తెరిచి ఏడిస్తే పుట్టింటికి తలవంపులు. కాన్పు నొప్పుల్లో కూడా కొంగు నోట్లో కుక్కుకుని పంటి బిగువున భరించినదాన్నే పదిమందీ మెచ్చుకునేవాళ్లు. అందుకని మా వార్డులో టౌనులో పుట్టిపెరిగి అమ్మో అనడం తెలిసిన ఆడమనిషికి సూది దొరికేది, కలుపు తీసి చేతులు కాయలు కాసిన పల్లెటూరి తల్లికి గోడ వైపు తిరిగి పడుకోవడమే దక్కేది. వాళ్లకు ఓర్పు ఎక్కువ అని అందరూ తేలిగ్గా అనేసేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

అలా ఉండగా మా అత్త వచ్చింది. అత్త అంటే మా నాయనకు అక్క, అమ్మ పోయిన తరువాత ఆళ్లగడ్డలో నన్ను పెంచి, చదివించమని నాయనతో పోట్లాడి నర్సు ట్రైనింగుకు పంపిన మనిషి. గర్భసంచి తీసెయ్యాలన్నారు. ఆపరేషను బాగానే జరిగింది. కానీ మత్తు దిగిన దగ్గరనుంచి అత్త చెక్కలా పడుకుండిపోయింది. పక్కకు తిరగదు, గట్టిగా ఊపిరి పీల్చదు, దగ్గమంటే దగ్గదు. దగ్గకపోతే కఫం లోపలే పేరుకుని ఊపిరితిత్తులు చెడతాయని డాక్టరుగారు కోప్పడ్డారు, మొండిమనిషని విసుక్కున్నారు. మర్నాటికి ఒళ్లు కాలిపోతూ ఉంది, ఎదలో గురగుర మొదలైంది. మా నాయన చర్చి బడిలో పంతులు, ఆయనేమో మా అక్క ఇంతవరకూ మూలిగింది కూడా లేదని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడు. శిలువ మోసినవాణ్ణి తలుచుకుంటే ఇదేపాటి అని పైనుంచి ధైర్యం కూడా చెప్పాడు. శిలువ ప్రభువుకు వేసిన శిక్ష, మా అత్త ఏం తప్పు చేసిందని ఆమెకు ఈ శిక్ష అని నేను గట్టిగానే అడిగాను.

నేను పెద్ద సిస్టరమ్మ దగ్గరకు పోయి సూది వెయ్యమన్నాను. మీ అత్త అడగలేదు గదా అంది. ఆమెకు పుట్టుక నుంచీ అడగడం తెలియదన్నాను. నీ మేనత్తకని నిబంధనలు మారుస్తామా అంది. దాంతో డాక్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు, చిన్న నర్సులు ట్రే పట్టుకుని వెనక నిలబడడమే తప్ప నోరెత్తకూడని ఆ వేళలో, అందరి ముందూ నోరెత్తాను. ఈమెకు నొప్పి చాలా ఉంది సార్, అందుకే దగ్గడం లేదు, మొండితనం కాదు అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, వంగి అత్తనే అడిగారు. అత్త పక్కన నిలబడ్డ నాయనను చూసింది, తరువాత నన్ను చూసింది.

"ఏం లేదు సార్, బాగుండా. పాప ఊరికే బయపడతాంది," అంది.

వార్డంతా నా వైపు చూసింది. పెద్ద సిస్టరమ్మ ముఖంలో చెప్పాను గదా అన్న మాట కనిపించింది. అయినా నేను వెనక్కి తగ్గలేదు.

"ఒక్కసారి ఆమెను దగ్గమనండి సార్," అన్నాను.

డాక్టరుగారు దగ్గమన్నారు. అంత పెద్దమనిషి అడిగాక కాదనలేక అత్త దగ్గబోయింది. సగం దగ్గు లోపలే ఆగిపోయింది, పిడికిట్లో దుప్పటి ముడిపడింది, కళ్ల కొసలనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నోటినుంచి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు. డాక్టరుగారు కేసుషీటు తీసుకుని, అవసరమైతే అన్న మాట కొట్టేసి, వేళకు ఇవ్వండి అని రాశారు. నాయన కండువాతో ముఖం తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

సూది పడ్డాక అత్త నిద్రపోయింది, లేచి దగ్గింది, కఫం తెగింది, జ్వరం దిగింది. ఇంటికి పోయేటప్పుడు ఎర్రబస్సు మెట్టు ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచి, "అందరి ముందర నా పరువు తీస్తివి గదే పాపా," అంది. నిజంగానే కోపం. నన్నేమో రౌండ్సు నుంచి తీసేసి చాలాకాలం గాజు సిరంజిలు ఉడకబెట్టే పనిలో వేశారు. ఆ ఆవిరిలో చెమటలు కక్కుతూ కూడా, మళ్లీ అదే సందర్భం వస్తే మళ్లీ అదే మాట అంటాననుకునేదాన్ని.

ఎనభైల్లో అత్త తన కోడలిని కాన్పుకు మా వార్డుకే తెచ్చింది. ఆ పిల్ల కూడా కొంగు నోట్లో పెట్టుకునే ఉంది. అత్త తన చేత్తో ఆ కొంగు లాగేసి, నేరుగా పెద్ద సిస్టరమ్మ ముందుకు పోయి నిలబడింది.

"పిల్ల ఓర్చుకోలేకపోతాంది, సూది ఎయ్యమ్మా. అడగందే అమ్మయినా పెట్టదంట గదా, నేను అడుగుతాండా."

పెద్ద సిస్టరమ్మ మా అత్తను చూసి, నడుమున ఉన్న తాళంచెవి తీసింది. నా ఉద్యోగ జీవితంలో నేను పొందిన మెప్పు ఏదైనా ఉంటే అది ఆ రోజు మా అత్త అడిగిన ఆ సూదే.

ఇప్పుడు ఈథరు లేదు, ఆ తాళంచెవి లేదు, మా అత్తా లేదు. అడగకపోయినా వచ్చి అడిగే పిల్లలున్నారు, వాళ్లను చూస్తే కడుపు నిండుతుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. నా మోకాలికి నేను మొహమాటం లేకుండా ఏడు మార్కులు వేశాను. ఆ డాక్టరమ్మ రాసుకుని, పక్క మంచం మీద ఉన్న పాణ్యం వైపు పల్లెటూరామె దగ్గరకు పోయింది. పొద్దున ఆమెకు పేగు ఆపరేషను అయింది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె సన్నగా నవ్వి, "ఏం లేదులేమ్మా, సున్నా రాసుకో," అంది. ఆ పిల్ల సున్నా రాసుకుని వెళ్లబోతూ ఉంది. నాకు ఆ మంచం అంచున బిగుసుకున్న పిడికిలి కనిపించింది, అందులో ముడిపడ్డ దుప్పటి కనిపించింది.

"ఆగు తల్లీ," అన్నాను. "ఒక్కసారి ఆమెను దగ్గమను."