పావు ఇంచు దారం, ఒక ఇంచు నక్షా

నందికొండ దిక్కు పోవాలని నాకు ఎన్నడూ కోరిక లేదు. దావీదు పోతున్నాడని తెలిసి నేనూ బయలుదేరాను. ప్రయాణాల గురించి రాసేవాళ్లు మొదట తీర్థమనో గాలిమార్పు అనో ఏదో మంచి కారణం చెబుతారు. నా కారణం అసూయ. ముందే చెప్పేస్తే తర్వాతి సంగతులు మీకు తేలికగా అర్థమవుతాయి.

నల్లగొండలో మాది నక్షాల కచేరి, అంటే పటాల ఆఫీసు. సర్కారు నక్షాలకు నకళ్లు గీయడం నా పని. ఎనిమిదేళ్లుగా నా బల్ల మీదికి వచ్చినవన్నీ పావు ఇంచు నక్షాలే. అంటే నేల మీద నాలుగు మైళ్ల దూరం కాగితం మీద ఒక్క ఇంచులో ఇమిడిపోతుంది. ఒక్క కాగితంలో జిల్లాకు జిల్లా పడుతుంది కానీ, ఊరంటే ఒక చుక్క, వాగంటే ఒక వెంట్రుక. ఒక ఇంచు నక్షా సంగతి వేరు. అందులో ఒక మైలుకు ఒక ఇంచు. బండ్లబాటలు, బావులు, చెలమలు, గుట్టల ఎత్తు చూపే గోధుమరంగు గీతలు అన్నీ దానిలో ఉంటాయి. అలాంటి నక్షా ఒకటి, వెనక బట్ట అంటించినది, కొత్తది, మా కచేరికి వచ్చింది. మా ఇంజనీరు సాబ్ దాన్ని తీసుకెళ్లి దావీదు చేతిలో పెట్టాడు.

దావీదు నౌకరీలో చేరి రెండేళ్లు కాలేదు. అతని నాయిన ఇప్పటికీ ఒకరి చేనులో కూలి చేస్తాడు. మిషను బడిలో చదివి, గుండ్రటి అక్షరాలు నేర్చుకుని వచ్చాడు. నన్ను ‘సారూ’ అనే పిలుస్తాడు, నేను వస్తే లేచి నిలబడతాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఒక్క సాకు కూడా దొరక్క నాకు ఇంకా మంట పుట్టేది. వేసవి తర్వాత సాబ్ సర్వే పార్టీతో నందికొండ దిక్కు వచ్చే ఏడు ఎండాకాలం దాకా మకాం వేయబోతున్నాడు. మనుషులకూ ఎద్దులకూ ఎండాకాలంలో కూడా నీళ్లుండే జాగా ఒకటి ముందుగా చూసి రావాలి. దావీదును పంపుతున్నాడని తెలిసి నేనూ పోతానన్నాను. అయితే ఇద్దరూ వెళ్లి చెరో రిపోర్టు రాయండి, ఎవరి పని బాగుంటే వాళ్లను పార్టీలోకి తీసుకుంటానని సాబ్ అన్నాడు. పార్టీలో చేరితే ఇక బతుకంతా ఒక ఇంచు నక్షాలతోనే. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

నల్లగొండ నుంచి హాలియాకు పొద్దున ఏడు గంటలకు బస్సు ఉంది. కిరాయి పన్నెండు అణాలు, నిజాం హాలీ సిక్కా నాణేల్లో. ముందు వరుస దొరికితే దుమ్ము తక్కువ. మేము వెళ్లేసరికి ముందు ఒక్క సీటే ఖాళీగా ఉంది. దావీదు నన్ను కూర్చోబెట్టి తాను వెనక్కి పోయాడు. కూర్చున్నానే గానీ, అతని ఒళ్లో ఉన్న నక్షా గొట్టాన్ని నాలుగైదుసార్లు మెడ తిప్పి చూశాను. డ్రైవరు గమనించి “ఏంది పటేలా, వెనక పైసల మూట బెట్టినవా?” అని నవ్వాడు.

తొమ్మిదిన్నరకు హాలియాలో దిగాం. అక్కడ ఛాయ్ తాగి, రోజుకు రెండు రూపాయల కిరాయికి బండి మాట్లాడుకున్నాం. బండి తోలే మల్లయ్య హాలియా మనిషే, పెద్దవూర దాటి ఎన్నడూ పోలేదు. ఈ సంగతి మీరు బండి మాట్లాడేటప్పుడే అడిగి తెలుసుకోండి, మేము అడగలేదు. హాలియా నుంచి పెద్దవూర తొమ్మిది మైళ్లు. దారిలో నా పావు ఇంచు నక్షా బాగానే పనికొచ్చింది. బాట ఎక్కడ చీలుతుందో, ఏ ఊరు ముందో చెప్పడానికి దాన్ని మించింది లేదు. దూర ప్రయాణానికి చిన్న నక్షా, దిగాల్సిన చోటు వెతకడానికి పెద్ద నక్షా కావాలి. ఇప్పుడు తాపీగా రాస్తున్నాను కానీ, ఆనాడు ఈ మాట ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ని కాను.

సాయంత్రం పెద్దవూరలో ఒక అవ్వ ఇంటి అరుగు మీద దిగాం. మనిషికి రెండు అణాలు తీసుకుని జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, చల్ల పెట్టింది. అంతకంటే మంచి భోజనం ఆ దారిలో మీకు దొరకదు. తినడం అయ్యాక దావీదు నక్షా పరిచి నాకు చూపించాడు.

“సారూ, గీడ సూడుండ్రి. కృష్ణ దగ్గరికొచ్చేసరికి గీ గోధుమ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టున్నయి. అంటే నేల గోడ లెక్క దిగుతది. బండి నది దాకా దిగదు. మనకు పైననే నీళ్లు దొర్కాలె.”

నా పావు ఇంచు నక్షాలో ఆ చోట గోధుమరంగు మరక లాంటిది ఒకటి ఉంది, అంతే. ఎనిమిదేళ్లలో ఆ మరకకు ఎన్ని నకళ్లు గీశానో! అది లోయ అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

“గిదిగో, గుండ్రంగ నీలి చుక్క. చెలమ” అన్నాడు దావీదు. “బాట నుంచి ఎడమకు మలగాలె.”

అవ్వ చెంబు కడుగుతూ అందుకుంది. “చెలమనా బిడ్డా? ఉన్నది. గొర్లోళ్లు తాగుతరు. జర దూరమే. పొద్దుగాల్ల పోతె పొద్దెక్కకముందే నీళ్లు తాగుతరు.”

“ఊరోళ్లకు ఎంత దూరమైనా జర దూరమే” అని నేను నవ్వాను. “ఇటియ్యి, నేను కొలుస్త.”

ఆ విధంగా ఒక ఇంచు నక్షా మొదటిసారి నా చేతికి వచ్చింది. మంచి బట్ట, మంచి కాగితం. అరచేతులు చెమట పడితే ధోవతికి తుడుచుకున్నాను. జేబులోంచి నా దారం తీశాను. కచేరిలో ఆ దారానికి పేరుంది. నల్లని గట్టి దారం, ఇంచుకు ఒక ముడి. నక్షా మీద బాట ఎన్ని వంకర్లు తిరిగితే అన్ని వంకర్లూ దారాన్ని తిప్పి, ముళ్లు లెక్కపెట్టి మైళ్లు చెప్పేవాణ్ని. పెద్దవూర నుంచి బాట వెంట దారం పరుస్తూ, ఎప్పటిలాగే పైకి అంటూ పోయాను. “నాలుగు, ఎనిమిది, పన్నెండు.” మూడో ముడి చెలమ దగ్గర పడింది.

“పన్నెండు మైళ్లు” అన్నాను.

దావీదు ముందుకు వంగాడు. “సారూ, ఇంకోసారి సూస్తరా?”

“ఎనిమిదేండ్ల సంది గిదే పని నాది” అన్నాను, మల్లయ్యకూ అవ్వకూ వినపడేలా. దావీదు వెనక్కి జరిగాడు. నక్షాను చుట్టి నా పక్క కింద పెట్టుకున్నాను. తిరిగి ఇవ్వాలనిపించలేదు.

మర్నాడు ఆరు గంటలకు బండి కట్టించాం. ఒక కుండ నీళ్లు, ఆరు రొట్టెలు పెట్టుకున్నాం. గంట పైచిలుకు నడిచాక దావీదు బండి వెనక నుంచి పిలిచాడు.

“సారూ, ఎడమకు ఒక బాట మలిగింది. నల్లరాళ్లు గూడ ఉన్నయి. నక్షాల ఉన్నయి ఇవే గావచ్చు.”

“ఇంకా మూడు మైళ్లే వచ్చినం. నక్షా నీ దగ్గరుందా, నా దగ్గరుందా?”

“మీ దగ్గరే సారూ.”

“మరి నడువు.”

మల్లయ్య ఇద్దరినీ చూసి ఎద్దుల తోక మెలిపెట్టాడు. ఆ తర్వాత తొమ్మిది మైళ్లు రాళ్లూ మోదుగ చెట్లే. దారిలో తగిలిన వాగులన్నీ ఎండి ఉన్నాయి. ఎండ ముదిరింది. పదిన్నరకు ఎద్దులు నోళ్లు తెరిచాయి, కుండలో నీళ్లు వాటికే పోశాం. పదకొండు దాటాక బాట ఆగిపోయింది. ముందు నేల లేదు. ఎక్కడో కింద కృష్ణ మెరుస్తోంది. నీళ్లు కళ్లకు కనిపిస్తున్నాయి, బండి దిగే దారి మాత్రం లేదు. మల్లయ్య కాడి విప్పి ఎద్దుల్ని నీడకు తోలాడు.

“గీ జీవాలకు ఏమన్న అయితే నా పిల్లల నోట్ల మన్నే సారూ” అన్నాడు. అతను అరవలేదు, మామూలుగానే అన్నాడు.

నక్షా విప్పాను. గోధుమ గీతలు ఒకదాని మీద ఒకటి పడినచోటు కాగితం కింది అంచున ఉంది. మేము నిలబడింది అక్కడే. దారం తీసి పెద్దవూర నుంచి కొలిచాను, ఈసారి పైకి అనకుండా. పన్నెండు ముళ్లు. కింద రాసి ఉన్న కొలతను అప్పుడు చదివాను. ఒక మైలుకు ఒక ఇంచు. చెలమ మూడో ముడి దగ్గరే ఉంది, అంటే మూడో మైలు దగ్గరే. దావీదు చూపించిన నల్లరాళ్ల పక్కనే.

“దాటేసినం” అన్నాను.

“అవును సారూ.”

“నీకు రాత్రే తెలుసు.”

“రెండుసార్లు జెప్పిన సారూ. మూడోసారి జెప్పనీకె భయమైంది.”

నీడ వాలేదాకా ఆగి, ఎద్దుల్ని ఖాళీ బండితో మెల్లగా నడిపిస్తూ వెనక్కి వచ్చాం. సాయంత్రానికి నల్లరాళ్ల దగ్గర మలిగాం. చెలమ అక్కడే ఉంది, మోకాటి లోతు, తియ్యటి నీళ్లు. దావీదు ముందు ఎద్దులకు పట్టించాడు, తర్వాత మల్లయ్యకు, తర్వాత నాకు ఇచ్చాడు.

నల్లగొండ చేరాక రిపోర్టులు రాశాం. లోయ అంచు దాకా వెళ్లామని, దారిలో మరెక్కడా నీళ్లు లేవని నేను రాశాను. ఎందుకు వెళ్లామో రాయలేదు. దావీదు గుండ్రటి అక్షరాలతో ఏం రాశాడో సాబ్ చదివి వినిపించాడు. చెలమ దొరికినా ఊరుకోక, నేను ముందుచూపుతో లోయ దాకా పోయి తక్కిన వాగులు ఎండినవని రూఢి చేశానట!

“శాబాష్” అన్నాడు సాబ్ నాతో. “పార్టీల నువ్వే వస్తవు.”

ఎనిమిదేళ్లుగా నేను వినాలనుకున్న మాట అదే. దావీదు నేల చూస్తూ నిలబడ్డాడు. సంతోషం రావలసిన చోట నాకు మళ్లీ అసూయే వచ్చింది. ఈసారి నక్షా మీద కాదు, అలా రాయగలిగిన అతని మనసు మీద. అతను నాకు పెట్టిన మంచిపేరులో నాది ఒక్క ముక్క లేదు. అది తీసుకుని రోజూ అతని ముఖం చూడటం నా వల్ల కాదనిపించింది.

“లేదు సాబ్” అన్నాను. “చెలమ ముందు దొరకలే. ఒక ఇంచు నక్షాను పావు ఇంచు లెక్కన కొలిచిన. దావీదు జెప్పినా వినలే.”

సాబ్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. కచేరి అంతా నవ్వింది. పార్టీలోకి దావీదు వెళ్లాడు. వెళ్లేముందు నా బల్ల దగ్గరికి వచ్చి, “సారూ, ఆ దారం నాకిస్తరా?” అని అడిగాడు. ఇచ్చాను. మనస్ఫూర్తిగా ఇచ్చానని మాత్రం చెప్పను.

ఇప్పటికీ పావు ఇంచు నక్షాలకే నకళ్లు గీస్తున్నాను. ఆ గోధుమరంగు మరక దగ్గరికి వచ్చినప్పుడల్లా కలం కాస్త ఆగుతుంది. అది లోయ అని ఇప్పుడు తెలుసు. ఈ ప్రయాణం నాకు ఇచ్చింది అదొక్కటే అనుకోవచ్చు. దావీదు మీద అసూయ పోయిందా అంటే పోలేదు. మకాం నుంచి అతని ఉత్తరం వస్తే ఇప్పటికీ రెండు రోజులు విప్పను. మీరు నందికొండ దిక్కు పోదలిస్తే నీళ్లు ఆ చెలమ దగ్గరే నింపుకోండి, పెద్దవూర నుంచి మూడు మైళ్లు, నల్లరాళ్ల దగ్గర ఎడమకు. ఏ నక్షా చేతికి వచ్చినా కొలిచే ముందు కింద ఇంచుకు ఎన్ని మైళ్లో చదవండి. మీ పక్కవాడు ఒకే మాట రెండోసారి చెబితే బండి ఆపండి.