లక్ష్మవ్వ పలచటి కుండలు

కుమ్మరి లక్ష్మవ్వను ముండమోపిని చేసింది దేవుడైతే, చావుకుండల లక్ష్మవ్వను చేసింది మాత్రం మా ఊరే. బోధన్ పక్కన మా ఊరికి ఆచారం ఎక్కువ. ఎవరి కడుపు కొట్టినా ఆచారం చెప్పే కొడుతుంది.

ఆమె మొగుడు కొమురయ్య ఫ్యాక్టరీకి చెరుకు తోలుకుపోతూ బండి మీద నుంచి పడి చచ్చిపోయాడు. అప్పటికి బిడ్డ గంగామణి ఇంకా చంకలోనే ఉంది. ఆడది కుమ్మరి సారె తిప్పకూడదంటారు. లక్ష్మవ్వ తిప్పింది. కాలువ గట్టు కింది నల్లమట్టి తెచ్చి, తొక్కి, సారె మీద కుండ లేపుతుంటే చూడాలి ఆమెను! పచ్చికుండ మెడ చుట్టూ చెరుకాకు ఒత్తేది, ఆకు ఈనెలు గీతలుగా దిగేవి. ఆ కుండలో నీళ్లు తాగితే ఎండాకాలంలో కూడా పళ్లు జివ్వుమనేవి. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది.

ఊరిపెద్ద ముత్తన్న పటేలుకు ఇది గిట్టలేదు. పంచాయితీ పెట్టి తేల్చేశాడు.

"పెండ్లికుండలు, బోనం కుండలు నీ మరిది లింబయ్య జేస్తడు. నీ చెయ్యి శుభానికి పనికిరాదు. సావుకుండలు నువ్వు జేస్కో."

నీళ్ల కుండలన్నా మిగిలాయనుకుంటే నిజామాబాద్ బజారు నుంచి ప్లాస్టిక్ బిందెలు దిగాయి. ఇక ఆమెకు మా చావులే దిక్కయ్యాయి.

కొరివి పెట్టేవాడు నీళ్లకుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరుగుతుంటే, వెనక ఒకడు కత్తిమొనతో పొడిచి చిల్లు పెడతాడు. చివరికి కుండను వెనక్కి వదిలేస్తే పగలాలి. పగలకపోతే పోయినవాడు ఇల్లు వదలడని మావాళ్ల భయం. లక్ష్మవ్వ చేసిన మొదటి చావుకుండకు ఎంత పొడిచినా చిల్లు పడలేదు. పటేలు ఆమె వాకిట్లోకి వచ్చి మరీ తిట్టాడు.

"సచ్చినోనికి గింత గట్టి కుండెందుకే? పల్సగ జెయ్యి!"

చేసింది. చెక్కతో కొట్టి కొట్టి అడుగు పలచన చేయడం నేర్చుకుంది. ఏళ్ల తరబడి పగలడానికే కుండలు చేసింది పాపం.

గంగామణికి వర్ని ఊరి సంబంధం కుదిరింది. మా వైపు పెళ్లికి ఐరేని కుండలని కుమ్మరింటి నుంచి డప్పులతో తెచ్చి, పందిట్లో అడుగుకుండలో బియ్యం పోసి, ఒకదాని మీద ఒకటి నిలబెడతారు. అవి నిలబడితే కాపురం నిలబడినట్టు. బిడ్డ పెళ్లికి ఆ కుండలు తన చేత్తో చేయాలని లక్ష్మవ్వకు ఒకటే కోరిక. సిగ్గు విడిచి మరిది కాళ్లు పట్టుకుంది.

"నీ పేరే జెప్పు లింబయ్యా. నా బిడ్డకు నా చేతి కుండ గావాలె."

పని తప్పుతుందంటే లింబయ్యకు చేదా? "సరె వదినె. నువ్వు మాత్రం నోరు దెర్వకు," అన్నాడు.

చెరుకాకు ఒత్తి, ఎర్రమట్టి పూసి, సున్నంతో వరికంకులు గీసింది. డప్పులతో కుండలు పందిట్లోకి వస్తే అందరూ లింబయ్యనే మెచ్చుకున్నారు. వాడు మీసం మెలేశాడు. ముండమోపి ఎదురు రాకూడదు కదా, లక్ష్మవ్వ గోడవారన నిలబడి మురిసిపోయింది.

పెళ్లిపిల్లగాని మేనత్త మూడో కుండ పైన పెట్టిందో లేదో, అడుగుకుండ పటుక్కున విచ్చుకుంది. కుండలన్నీ కూలి బియ్యం నేలపాలయ్యాయి.

"నా కుండలు గావు! మా వదినె జేసింది!" అని లింబయ్య చేతులెత్తేశాడు.

పటేలు కన్నెర్రజేశాడు. ఆడవాళ్లు ఆమెను రెక్క పట్టుకొని వాకిలి దాటించారు. వర్నివాళ్లది గొప్ప మనసు, పెళ్లి ఆపలేదు. తల్లి తమ గడప తొక్కకూడదు, పిల్ల పుట్టింటికి రాకూడదు అన్నారంతే.

"నీకేం పొయ్యేకాలమే అవ్వా!" అంది గంగామణి, పీటల మీద నుంచే. ఇన్నేళ్లలో ఆమెను ఊరు అన్న మాటలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

జనం పోయాక లక్ష్మవ్వ పెంకులు ఏరుకుంది. అడుగుపెంకును వేలితో నొక్కి చూసింది. నొక్కితే విరిగింది. బిడ్డ పెళ్లికి తన చేయి చావుకుండే చేసిందని అప్పుడు తెలిసింది. పెంకులు ఒళ్లో పెట్టుకొని కుళ్లికుళ్లి ఏడ్చింది.

కొన్నేళ్లకు పటేలు పక్షవాతంతో మంచం పట్టాడు. ఆ కబురు విన్న రోజే లక్ష్మవ్వ మట్టి తొక్కింది. ముసలాయన అక్కడ మూలుగుతుంటే ఇక్కడ తీరుబడిగా కుండ లేపింది. అడుగు దళసరిగా ఉంచింది. మెడ చుట్టూ చెరుకాకు ఒత్తింది. చెరుకు చెత్త, పిడకలు పేర్చి ఎర్రగా కాల్చింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడు పోతాడా అని చూస్తూ కూర్చుంది.

పోయాడు. కొడుకు రాజారాం ఆ కుండే భుజాన పెట్టుకున్నాడు. కత్తి జారిందే తప్ప చిల్లు పడలేదు. వెనక్కి వదిలేస్తే కుండ దొర్లుకుంటూ వెళ్లి పటేలు కాళ్ల దగ్గర ఆగింది. జనం చెల్లాచెదురయ్యారు. చివరికి గడ్డపార తెచ్చి కొడితేగానీ పగల్లేదు.

అదే గడ్డపారతో రాజారాం లక్ష్మవ్వ వాకిట్లోకి వచ్చి సారెను రెండు ముక్కలు చేశాడు.

"పల్సగ జెయ్యమని మా బాపు నీకు జెప్పలేదానే?" అని అరిచాడు.

"జెప్పిండు. గందుకే నా బిడ్డ పెండ్లికి పల్సటిదొచ్చింది. గా దినం పందిట్ల నిలవడాల్సిన కుండ గిదే పటేలా. మీ బాపుకు దక్కింది," అంది లక్ష్మవ్వ.